పలకని ఫోను, తెరుచుకోని తాళం: ఒక చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో మా కొట్టు నాలుగేళ్ల అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది ఇనుప సామాను, సిమెంటు, వంటపాత్రలు అమ్మే దుకాణం. 2021 ఆగస్టు నుంచి 2025 నవంబరు వరకు మా బిల్లులు, సరుకు నిల్వ, అరువు ఖాతాలు అన్నీ ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నడిచాయి. దానిని తయారుచేసి అమ్మినది ఆంధ్ర వైపు ఒక పట్టణంలో ఇద్దరు యువకులు నడుపుకునే చిన్న సంస్థ. ఈ సమీక్షలో ఆ సంస్థ పేరుగాని, సాఫ్ట్‌వేర్ పేరుగాని రాయడం లేదు. ఇద్దరు మనుషుల సంస్థ పేరు రాస్తే ఆ ఇద్దరి పేర్లు రాసినట్టే అవుతుంది. పైగా వారిలో ఒకరితో నాకు ఇప్పటికీ మాటలున్నాయి. వాడినవారు వివరాలు చూసి ఎలాగూ గుర్తుపడతారు.

చిన్న సంస్థ దగ్గర ఎందుకు కొన్నారని అడిగేవారికి ముందుగా మా ఊరి సంగతి చెప్పాలి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికీ శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. మా కొట్టుకు వచ్చేవారిలో ఒడియా మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు, రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేసేవారు, కొండ ఊళ్ల నుంచి సంతకు దిగివచ్చే సవరలు ఉంటారు. మనుషుల మధ్య లేని సరిహద్దు పన్నులో మాత్రం ఉంది. మా జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, పాతపట్నం వ్యాపారిది 37తో మొదలవుతుంది. ఇక్కడి మేస్త్రీకి అమ్మిన పది బస్తాల సిమెంటు మీద కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను చెరిసగంగా పడాలి. అవే పది బస్తాలు పాతపట్నంలోని నమోదైన వ్యాపారికి పంపితే మొత్తం ఐజీఎస్టీగా, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్నుగా, పడాలి. ఈ లెక్క పెద్ద సాఫ్ట్‌వేర్లకూ వచ్చు. కానీ బిల్లు మీద సరుకు పేరు ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు కావాలని నేను అడిగినప్పుడు, పెద్ద సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి వచ్చినవారు నవ్వి ఊరుకున్నారు. ఈ ఇద్దరు యువకులు నాలుగు రోజుల్లో ఆ పని చేసి పంపారు. ఒడియా అక్షరాల్లో ఒక గుణింతం తప్పుగా అచ్చవుతోందని ఫోను చేస్తే, ఆ రాత్రికే సరిచేశారు.

మొదటి మూడేళ్లు ఆ సేవ ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జీఎస్టీ నమోదు లేని కొనుగోలుదారు చిరునామాను బిల్లులో రాస్తే, ఆ చిరునామా ఉన్న రాష్ట్రాన్నే సరఫరా స్థలంగా తీసుకోవాలనే నిబంధన 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దేశం నడిమధ్యలో ఉన్న దుకాణానికి ఇది పెద్ద సంగతి కాకపోవచ్చు. మాకు మాత్రం రోజూ ఎదురయ్యే ప్రశ్న; పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చి అల్యూమినియం డేగిసా కొనుక్కుని, బిల్లు మీద ఊరి పేరు రాయించుకునే మనిషి మాకు రోజుకు నలుగురైనా ఉంటారు. ఆ మార్పు అమల్లోకి వచ్చేనాటికే కొత్త వెర్షన్ మా కంప్యూటరులో ఉంది. అంతటితో ఆగకుండా ఆ ఇద్దరిలో ఒక అబ్బాయి ఫోను చేసి, "బాబాయిగారూ, ఊరి పేరు ఊరికే రాయకండి, రాస్తే పన్ను మారుతుంది" అని హెచ్చరించాడు. మా అకౌంటెంటుగారికి ఆ సంగతి మా ద్వారానే తెలిసింది.

ఇంకొక మెచ్చుకోలు కూడా ఇక్కడే రాస్తాను, తరువాత రాయడానికి మనసు రాకపోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సందేశాలన్నీ మనిషి మాట్లాడే తెలుగులో ఉండేవి. "నిల్వలో మూడే ఉన్నాయి, మీరు ఐదు రాశారు" అని చెప్పేది తప్ప, చెల్లని పరిమాణం నమోదైనదని గద్దించేది కాదు. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసి, వాడుక భాషకోసం వాదించిన ఊరు మాది. నేను ఈ సమీక్షను కాస్త బిగువైన భాషలో రాస్తున్నందుకు ఆయన నొచ్చుకుంటారేమో గాని, ఆ సాఫ్ట్‌వేర్ మాటతీరు చూస్తే మాత్రం సంతోషించేవారు. 2024 చివర్లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే ఐదుకు ఐదు నక్షత్రాలు వేసి ఉండేవాడిని. నా మాట మీద ఈ ఊళ్లో ఇద్దరు, పాతపట్నంలో ఒక మందుల షాపువారు అదే సాఫ్ట్‌వేర్ కొన్నారు. తరువాత జరిగిన దానిలో నాకు ఎక్కువ బాధ కలిగించిన విషయం ఇదే.

చివరి కొత్త వెర్షన్ 2025 జూన్‌లో వచ్చింది. జూలైలో ఒక చిన్న పనికి ఫోను చేస్తే మోగింది గాని ఎత్తలేదు. చిన్న సంస్థ, పనిలో ఉంటారు, పెళ్లిళ్లుంటాయి, జ్వరాలుంటాయి అనుకున్నాను. సందేశం పెడితే రెండు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు. ఆగస్టులో ఏడాది నిర్వహణ రుసుము, వ్యాపారులం ఏఎంసీ అని పిలిచేది, కట్టవలసిన తేదీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ గుర్తుచేస్తోంది. 3,500 రూపాయలు యూపీఐలో పంపాను. డబ్బు వెంటనే చేరింది. లైసెన్సు తేదీ యంత్రం ద్వారా తనంతట తానే ఏడాది ముందుకు జరిగింది. ప్రతి ఏడాదీ మరుసటి రోజు వచ్చే రసీదు మాత్రం రాలేదు. మనిషి పలకని చోట యంత్రం డబ్బు తీసుకుంటూ ఉండటం నాకు మొదటిసారి అనుమానం కలిగించింది. మూడున్నర వేలు పోయినా దుకాణం మూతపడదు. కానీ అప్పటిదాకా ఆలస్యంగా కనిపించిన మౌనం, ఆ రోజు నుంచి నా కంటికి వేరే రంగులో కనబడసాగింది.

మా అకౌంటెంటుగారు ఒక ఉపాయం చెప్పారు. ఎవరి జీఎస్టీ నంబరైనా జీఎస్టీ పోర్టల్‌లో కొడితే, నమోదు అమల్లో ఉందో రద్దయిందో, ఏ కాలానికి రిటర్నులు దాఖలయ్యాయో లాగిన్ అవసరం లేకుండానే కనిపిస్తుంది. పాత రసీదు తీసి ఆ సంస్థ నంబరు కొట్టాము. నమోదు అమల్లో ఉంది. రిటర్నులు గడువులోపే పడుతున్నాయి. అంటే సంస్థ మూతపడలేదు, మనుషులు క్షేమంగానే ఉన్నారు, పన్నులవారికి జవాబు చెబుతున్నారు, నాకు చెప్పడం లేదు. మనిషికి ఏమైందోనన్న బెంగ ఆ సాయంత్రంతో తీరి, దాని స్థానంలో కోపం వచ్చింది. సాఫ్ట్‌వేర్లు అమ్మేవారు ఈ విషయం గమనించాలి: మౌనంగా ఉన్నంత మాత్రాన ఎదుటివారు ఏమీ తెలుసుకోకుండా కూర్చోరు. ఎవరికి తోచిన చోట వారు వెతుకుతారు, దొరికిన ముక్కతో ఒక కథ అల్లుకుంటారు. ఆ కథ అసలు సంగతికన్నా ఎప్పుడూ అధ్వానంగానే ఉంటుంది.

సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం పన్ను శ్లాబులను మార్చింది. 12, 28 శాతాల శ్లాబులను తీసివేసి, ఎక్కువ సరుకును 5 లేదా 18 శాతంలోకి తెచ్చిన ఆ మార్పు సెప్టెంబరు 22న, దేవీ నవరాత్రుల తొలిరోజున, అమల్లోకి వచ్చింది. మా కొట్టులో దాని ప్రభావం ఇంత: సిమెంటు 28 నుంచి 18కి దిగింది, వంటపాత్రలు 12 నుంచి 5కి దిగాయి, పైపులు, రంగులు 18లోనే ఉండిపోయాయి. సిద్ధం కావడానికి పంతొమ్మిది రోజుల వ్యవధి ఉంది. సాధారణంగా ఇటువంటి మార్పుకు వారం ముందే ఆ అబ్బాయి ఫోను వచ్చేది. ఈసారి ఇరవై రెండో తేదీ ఉదయం దీపం పెట్టి కంప్యూటరు తెరిచి సిమెంటు బిల్లు కొడితే 28 శాతమే పడింది.

ఈ సాఫ్ట్‌వేర్ కట్టుబడిలో ఉన్న లోపం ఆ రోజు బయటపడింది. పన్ను శాతాన్ని సరుకు పక్కన మేము రాసుకునే వీలు లేదు. అది సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడుకు ముడిపడి ఉంటుంది. సిమెంటు కోడు 2523 అని కొట్టగానే శాతం దానంతట అదే పడుతుంది. ఆ పట్టికను మార్చే అధికారం తయారీదారు పంపే కొత్త వెర్షన్‌కు మాత్రమే ఉంది. మంచి ఉద్దేశంతోనే అలా కట్టారు, కొట్టులో కుర్రాడు పొరపాటున శాతం మార్చేయకుండా. తయారీదారు మేలుకుని ఉన్నంతకాలం అది మాకు రక్షణగానే పనిచేసింది. అతడు నిద్రపోయిన రోజున అదే మమ్మల్ని కట్టిపడేసింది. కొనేముందు ఈ ఒక్క విషయం పరీక్షించి ఉంటే బాగుండేది: పన్ను శాతాన్ని దుకాణదారు తన పాస్‌వర్డుతో తానే మార్చుకోగలడా, లేడా.

ఆ పండుగ పది రోజులూ మేము చేసిన వ్యాపారం తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. అటక మీది నుంచి పాత కార్బన్ బిల్లుబుక్కు దించాము. సిమెంటు, పాత్రలు కొన్నవారికి చేతిబిల్లు. పైపులు, రంగులు కొన్నవారికి కంప్యూటరు బిల్లు. రెండూ కొన్నవారికి రెండు బిల్లులు. పాతపట్నం నుంచి ముప్ఫై ఏళ్లుగా వచ్చే ఒక పెద్దాయన రెండు కాగితాలనూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, మిషను నీ మాట ఇనడం మానేసిందా?" అన్నాడు. నేను మిషను మీద చాడీ చెప్పలేదు, దానిని కన్నవారి మీద కూడా చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆయన చూపులో నాకు కనబడినది నా కొట్టు మీద అనుమానం. ఎవరో దూరాన ఫోను ఎత్తకపోతే, ఇక్కడ నా గల్లా ముందు నా మాటకు విలువ తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారికి ఈ గొలుసు కనిపించదు.

మాది ఐదు కోట్ల లోపు వ్యాపారం, మూడు నెలలకొకసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకున్నాము. జూలై నుంచి సెప్టెంబరు వరకు అమ్మకాల వివరాలు అక్టోబరు 13లోగా దాఖలు కావాలి. ఆ మూడు నెలల్లో ఎనభై మూడు రోజులు పాత శాతం, చివరి తొమ్మిది రోజులు కొత్త శాతం, ఆ తొమ్మిది రోజుల్లోనూ సగం చేతిబిల్లులు. అకౌంటెంటుగారు చేతిబిల్లులను ఒక్కొక్కటిగా జీఎస్టీవారి ఆఫ్‌లైన్ టూల్‌లోకి ఎక్కించి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైలుతో సరిపోల్చి, గడువుకు ఒక రోజు ముందు దాఖలు చేశారు. దానికి ఆయన విడిగా డబ్బు తీసుకోలేదు, కానీ ఆ సాఫ్ట్‌వేర్ గురించి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మా పాత కంప్యూటరు విండోస్ 11కు సరిపడదు కాబట్టి కొత్తది కొన్నాము. అక్కడ తెలిసింది మరొక ముడి: లైసెన్సు పాత హార్డ్ డిస్కు నంబరుకు కట్టి ఉంది, కొత్త యంత్రంలో పెట్టాలంటే తయారీదారు ఒక కోడు ఇవ్వాలి. ఆ కోడు అడగవలసిన ఫోను పలకదు. కొత్త కంప్యూటరు మూడు వారాలు పెట్టెలోనే ఉంది.

నవంబరు రెండో వారంలో అసలు దెబ్బ తగిలింది. ఈ సాఫ్ట్‌వేర్ ముప్ఫై రోజులకొకసారి ఇంటర్నెట్ ద్వారా తయారీదారు సర్వరును పలకరించి లైసెన్సు సరిచూసుకుంటుంది. ఆ సర్వరు ఆగిపోయింది. వెబ్‌సైటు తెరిస్తే భద్రతా సర్టిఫికెట్టు గడువు తీరిందని బ్రౌజరు హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్ ఒక వారం ఎర్ర అక్షరాలతో బతిమాలి, ఎనిమిదో రోజున కొత్త బిల్లులు రాయడం మానేసింది. పాత బిల్లులు చూడవచ్చు, అచ్చు తీయవచ్చు. ఎక్సెల్‌లోకి తీసే మీట మాత్రం బూడిదరంగులోకి మారిపోయింది. మేము ప్రతి శనివారం పెన్‌డ్రైవులోకి తీసుకున్న బ్యాకప్పులు నాలుగేళ్లవీ ఉన్నాయి, కానీ అవి పాస్‌వర్డుతో మూసిన ఫైళ్లు, ఆ పాస్‌వర్డు మాకు ఎన్నడూ ఇవ్వలేదు. బ్యాకప్ ఉన్నదని నిశ్చింతగా నిద్రపోయిన ఆ శనివారాలన్నీ గుర్తుకు వచ్చాయి. తాళంచెవి వేరొకరి దగ్గర ఉన్న బీరువాను నా ఇంట్లో పెట్టుకుని, నా బీరువా అనుకున్నాను.

పన్నుకు సంబంధించిన లెక్క మునిగిపోలేదు. నమోదైన వ్యాపారులకు రాసిన బిల్లుల వివరాలు మేము దాఖలు చేసిన రిటర్నుల్లో ఉన్నాయి, పోర్టల్ నుంచి దించుకోవచ్చు. మా కొనుగోళ్లు, మాకు అమ్మినవారు వేసిన రిటర్నుల ద్వారా అక్కడే కనిపిస్తాయి. ఏ పోర్టల్‌లోనూ లేనిది అరువు ఖాతా. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, ఇల్లు కట్టుకుంటూ విడతలవారీగా ఇచ్చే ఉద్యోగులు, పంట డబ్బు వచ్చాక తీర్చే రైతులు, మొత్తం రెండువందల పైచిలుకు ఖాతాలు. మా నాన్నగారి కాలంలో చిట్టా, ఆవర్జా పుస్తకాలు ఎర్రగుడ్డ అట్టలతో గల్లా కింద ఉండేవి. చెదలు తప్ప వాటిని మా నుంచి విడదీయగలిగినవారు లేరు. కొట్టులో పనిచేసే కుర్రాడూ నేనూ రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్క ఖాతానూ తెర మీదికి తెచ్చి అచ్చు తీశాము. నాలుగు రీముల కాగితం అయింది. ఆ కాగితాల నుంచి నిలువ బాకీలను మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి చేత్తో ఎక్కించడానికి మరో పన్నెండు రోజులు పట్టింది. ఏ ఒక్క బాకీదారూ అంకె తప్పని అనలేదు. ఒకరిద్దరు మాత్రం కంప్యూటరు పాడైందని విని, తమ బాకీ కూడా దానితో పోయిందేమోనని ఆశగా ఆరా తీశారు.

ఈ మౌనంలోకి వేరేవారు కూడా దూరారు. నవంబరు చివర్లో ఒక ఫోను వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ తరఫున మాట్లాడుతున్నామని, లైసెన్సు పునరుద్ధరిస్తామని, అందుకు కంప్యూటరును దూరం నుంచి నడిపే ఒక యాప్ దించుకొమ్మని చెప్పారు. మా పేరు, సాఫ్ట్‌వేర్ పేరు సరిగ్గానే చెప్పారు. గొంతు మాత్రం కొత్తది, తెలుగు మాది కాదు. దూరనియంత్రణ యాప్‌లతో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయని రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఆ సంగతి గుర్తుండబట్టి ఫోను పెట్టేశాను. పాతపట్నం మందుల షాపువారికి కూడా అదే ఫోను వచ్చిందట. వారు ఆ యాప్ దించుకుని, చివరి క్షణంలో కుమారుడు వారించగా ఆపారు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ నంబరును మా గల్లా మీద అతికించాను. అసలు మనిషి నాలుగు నెలలకు పైగా పలకకపోవడం వల్లనే, ఎవరో ఒకరు పలికారని మందుల షాపువారు సంబరపడ్డారు. వారి తప్పేమీ లేదు.

2026 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, ఆ అబ్బాయి నుంచి నాలుగు వాక్యాల సందేశం వచ్చింది. భాగస్వామి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడని, తాను కూడా ఒక కంపెనీలో చేరాడని, వచ్చే నెల మొదలుపెడదాం, ఆపై నెల మొదలుపెడదాం అనుకుంటూ వచ్చి చివరకు ఫోను ఎత్తడానికి ముఖం చెల్లలేదని రాశాడు. దానితోపాటు తాళం తీసేసే ఒక చిన్న ఫైలు, బ్యాకప్పుల పాస్‌వర్డు పంపాడు. ఆ సాయంత్రమే 3,500 రూపాయలూ తిరిగి వచ్చాయి. ఫైలు నడిపితే సాఫ్ట్‌వేర్ సర్వరును అడగడం మానేసి శాశ్వతంగా తెరుచుకుంది. ఎక్సెల్ మీట నల్లబడింది. నాలుగేళ్ల లెక్కలూ ఏడు నిమిషాల్లో బయటికి వచ్చాయి.

ఏడు నిమిషాలు. ఆ ఫైలును ఆగస్టులోనే పంపి ఉండవచ్చు కదా అని నేను అతడిని అడిగాను. పంపితే మూసేస్తున్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని, మూసేసే ఉద్దేశం అప్పటికి లేదని జవాబిచ్చాడు. ఈ జవాబు నిజమని నమ్ముతున్నాను. చిన్న సంస్థలు ఒక రోజున ఆగిపోవు. మెల్లమెల్లగా ఆగుతాయి, ఆగుతున్న సంగతి నడిపేవారికే ఆఖరున తెలుస్తుంది. అందుకే, ఆగిపోతున్నప్పుడు ఏమి చేయాలన్నది బాగా నడుస్తున్నప్పుడే తేల్చి పెట్టుకోవాలి. పెద్ద ఒప్పందాల్లో సోర్సు కోడును మూడో మనిషి దగ్గర ఉంచే పద్ధతి ఉంది. 3,500 రూపాయల ఏఎంసీకి అంత తతంగం అడగడం నవ్వులాట. అడగవలసినవి అంతకన్నా చిన్నవి. సర్వరు పలకకపోతే తాళం బిగుసుకోవడానికి బదులు దానంతట అదే తెరుచుకునేలా కట్టవచ్చు. దొంగ కాపీలు పెరుగుతాయని భయపడతారు గాని, ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీలు చేసేవారు ఎవరు? బ్యాకప్పు పాస్‌వర్డును కొన్న రోజునే కొనుగోలుదారుకు ఇవ్వవచ్చు, అందులో ఉన్నవి అతడి లెక్కలే కాబట్టి. లైసెన్సు గడువు తీరిపోయినా అమ్మకాల, ఖాతాల ఎక్సెల్ మీట ఎప్పుడూ పనిచేసేలా ఉంచవచ్చు. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

మాట విషయానికి వస్తే, నేను ఆగస్టులో ఆశించినది మరమ్మతు కాదు. "బాబాయిగారూ, అక్టోబరు దాకా ఏ పనీ చేయలేను, ఈ ఏడాది ఏఎంసీ కట్టకండి, పన్ను మారితే ఈ పాస్‌వర్డుతో మీరే మార్చుకోండి" అని ఒక్క సందేశం వచ్చి ఉంటే, నేను ఇంకో ఏడాది దానినే నెట్టుకొచ్చేవాడిని. మిగిలినవారికి కూడా నచ్చజెప్పేవాడిని. తేదీ వేసిన చేదు కబురుతో మనిషి తన ఏర్పాట్లు తాను చేసుకోగలడు. కబురే లేకపోతే, ఈ రోజు వస్తుందేమో రేపు వస్తుందేమో అని కూర్చుంటాడు. అలా కూర్చుని నేను పోగొట్టుకున్నది సెప్టెంబరు 3కూ 22కూ మధ్య ఉన్న పంతొమ్మిది రోజులు. అతడి మీద ఇంకా నమ్మకం ఉండబట్టే అవి పోయాయి. ముందే నమ్మకం పోయిన పక్క వీధి దుకాణదారు సెప్టెంబరు 10కే వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోయి, పండుగ పది రోజులూ నన్ను చూసి జాలిపడ్డాడు.

ఇప్పుడు మేము వాడుతున్నది పేరున్న పెద్ద సంస్థది. పన్ను మార్పులు రాత్రికి రాత్రి వస్తాయి. ఫోను చేస్తే ఎత్తుతారు, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు, ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పాలి. ఒడియా పేర్లు బిల్లు మీద రావు. కొండ ఊళ్ల నుంచి వచ్చేవారికి కుర్రాడు బిల్లు వెనక పెన్నుతో రాసి ఇస్తున్నాడు. తప్పు జరిగితే ఇంగ్లీషులో గద్దిస్తుంది. దానికి నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఇష్టం లేకుండానే.

పాతదానికి ఎన్ని నక్షత్రాలు వేయాలో తేల్చుకోవడానికి చాలా ఆలోచించాను. పనితనానికి ఐదు, మౌనానికి సున్నా, సగటున రెండున్నర; చివరకు తాళం తీసి డబ్బు తిరిగి ఇచ్చినందుకు అర కలిపి, మూడు వేశాను. ఆ అబ్బాయి మళ్లీ మొదలుపెడితే కొంటారా అని మా అకౌంటెంటుగారు అడిగారు. తాళం లేకుండా అమ్మితే కొంటాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

పాత కంప్యూటరును పారేయలేదు. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో చివరగా బిల్లులు రాసినది 2025-26లో. ఆ ఏడాది వార్షిక రిటర్నుకు గడువు 2026 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2032 డిసెంబరు 31. ఎక్సెల్‌లో అంకెలన్నీ ఉన్నాయి గాని, ఒడియా తెలుగు పేర్లతో మేము ఇచ్చిన అసలు బిల్లు ఆ యంత్రంలో తప్ప మరెక్కడా అలాగే రాదు. ఇంటర్నెట్ తీగ పీకేసి, గుడ్డ కప్పి, వెనక గదిలో పెయింటు డబ్బాల పక్కన పెట్టాము. ప్రతి నెలా ఒకటో తేదీన కుర్రాడు దానిని వేసి, ఏదో ఒక పాత బిల్లు అచ్చు తీసి, సరిగా వచ్చిందని నాకు చూపించి ఆపేస్తాడు.